పవర్ స్టీరింగ్ చప్పుళ్లు – 3వ పాఠం: ఆయిల్‌లో చేరిన గాలి

పోయిన పాఠంలో చప్పుళ్లను వేరు చేయడం నేర్చుకున్నాం. కీచుమంటే బెల్టు. టక్కుమంటే కింది జాయింట్లు. స్టీరింగ్ ఆఖరిదాకా తిప్పినప్పుడు మాత్రమే బుస్సుమంటే అది ఒత్తిడి మితిమీరకుండా చూసే రిలీఫ్ వాల్వు తెరుచుకున్న చప్పుడు, దానికి రిపేరు అక్కర్లేదు. ఇక మిగిలింది మూలుగు. ఇంజిన్‌కు రేస్ ఇస్తే పైకి లేస్తుంది, బండి నిలిపి ఉంచి స్టీరింగ్ తిప్పితే మరీ ఎక్కువవుతుంది. ఈ పాఠమంతా దాని గురించే. మీ కారులో పవర్ స్టీరింగ్ ఆయిల్ ట్యాంకే లేకపోతే అది మోటారుతో నడిచే రకం, దానికి ఈ పాఠం పనికిరాదు.

మూలుగు వినగానే స్టీరింగ్‌కు ఆయిల్‌ను నెట్టే పంపు పోయిందనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి కొత్త పంపు వేయించాను. మొదటి రోజే అదీ మూలిగింది. చివరికి చూస్తే ట్యాంకు నుంచి పంపుకు వచ్చే హోస్ దగ్గర చిన్న ఓ-రింగ్ (జాయింటులో ఉండే రబ్బరు రింగు) గట్టిపడిపోయి ఉంది. అప్పటి నుంచి ఒకటే వరస పాటిస్తున్నాను: ముందు ఆయిల్, తర్వాత గాలి, ఆఖరున పంపు. మీరూ ఈ వరస తప్పకండి.

గాలి చేరితే మూలుగు ఎందుకొస్తుందో తెలిస్తే వెతకడం తేలిక. పంపు లోపల తిరిగే భాగానికి, అంటే రోటరుకు, సన్నటి రేకులు ఉంటాయి. అవి ఆయిల్‌ను ఒక వైపు పీల్చుకుని రెండో వైపు నెడతాయి. టైరులో గాలి ఒత్తిడి రెండు బార్ల పైచిలుకే ఉంటుంది. స్టీరింగ్ ఆఖరిదాకా తిప్పినప్పుడు పంపు నెట్టే వైపు చాలా కార్లలో 70 బార్లు దాటుతుంది. ఆయిల్ ఆ ఒత్తిడికి నలగదు, గాలి నలుగుతుంది. పీల్చే వైపు నుంచి వచ్చిన బుడగలు ఒత్తిడి వైపు చేరగానే ఒక్కసారిగా చితికిపోతాయి. సెకనుకు లెక్కలేనన్ని సార్లు పడే ఆ చిన్న దెబ్బలన్నీ కలిసి మనకు మూలుగులా వినిపిస్తాయి. పైగా బుడగ ఉన్న చోట రేకుకు ఆయిల్ పొర అందదు. అందుకే మూలుగుతూనే నడిపితే బాగున్న పంపు కూడా అరిగిపోతుంది.

ఇప్పుడు బానెట్ ఎత్తండి. చదునైన నేల మీద, ఇంజిన్ ఆపి, ట్యాంకు మీది గీత చూడండి. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు ఒకటి, వేడిగా ఉన్నప్పుడు ఒకటి, ఇలా వేరు వేరు గీతలు ఉండొచ్చు. మట్టం తక్కువుంటే నింపండి, కానీ ఏ ఆయిల్ పడితే అది వద్దు. కొన్ని కార్లకు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే ఆయిల్), కొన్నింటికి ప్రత్యేకమైన ఆయిల్ వాడతారు. మూత మీదో కారు పుస్తకంలోనో రాసి ఉన్నదే పోయండి. తప్పు ఆయిల్ పోస్తే సీళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది.

తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, స్టీరింగ్ అటూ ఇటూ నాలుగైదు సార్లు తిప్పి ఆపేయండి. ఆపిన వెంటనే ట్యాంకులోకి చూడండి. ఆయిల్ మీద నురగ ఉన్నా, పాలు కలిపినట్టు తెల్లబారినా, మట్టం ఉన్నట్టుండి పైకి లేచినా లోపల గాలి ఉన్నట్టే. ఇంజిన్ ఆగి ఒత్తిడి పోగానే నలిగి ఉన్న గాలి ఉబ్బుతుంది, అందుకే మట్టం లేస్తుంది. నాకు అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు ఇదే.

గాలి ఎటు నుంచి వస్తోంది? చాలామంది ఇక్కడే పొరబడతారు. కింద ఆయిల్ చుక్క కనిపించలేదు కాబట్టి లీకు లేదనుకుంటారు. నెట్టే వైపు లీకయితే ఆయిల్ బయటికి వస్తుంది. పీల్చే వైపు అలా కాదు, పంపు తిరుగుతున్నంతసేపూ అక్కడ గాలే లోపలికి పోతుంది, చుక్క కూడా కారకపోవచ్చు. కాబట్టి ట్యాంకుకూ పంపుకూ మధ్య ఉన్న లావు హోస్‌ను చేత్తో నొక్కి చూడండి. పగుళ్లున్నాయా, క్లాంపు వదులైందా? అనుమానమున్న జాయింటు మీద అదే ఆయిల్ కొంచెం పూసి, ఐడిల్‌లో చప్పుడు వినండి. మూలుగు తగ్గితే దొంగ దొరికినట్టే. బెల్టుకూ ఫ్యానుకూ చేతులు, బట్టలు దూరంగా ఉంచండి.

కొన్ని ట్యాంకుల అడుగున సన్నటి జాలీ ఉంటుంది. అది మురికితో పూడుకుపోతే పంపుకు ఆయిల్ అందక అచ్చం ఇలాగే మూలుగుతుంది. హోస్, క్లాంపు బాగుంటే దీన్ని తప్పక చూడండి.

లోపం సరిచేశాక లోపలున్న గాలిని బయటికి పంపాలి. ముందు చక్రాలను జాకీతో లేపి స్టాండ్ల మీద నిలపండి, ఒక్క జాకీని నమ్మొద్దు. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టండి. ఇంజిన్ ఆపి ఉంచే, స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా ఇరవై సార్ల దాకా తిప్పండి. మధ్యమధ్యలో మట్టం చూసి ఆయిల్ పోస్తూ ఉండండి. బుడగలు రావడం ఆగాకే ఇంజిన్ స్టార్ట్ చేసి మళ్లీ మెల్లగా తిప్పండి. స్టీరింగ్‌ను ఏ చివరా ఐదు సెకన్లకు మించి పట్టి ఉంచకండి, ఆయిల్ విపరీతంగా వేడెక్కుతుంది. నురగ కనిపిస్తే ఆపేసి, ఓ గంట వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి. తొందరపడి గట్టిగా తిప్పితే ఉన్న గాలి ఇంకా సన్నటి బుడగలై ఆయిల్‌లో కలిసిపోతుంది.

రెండు రోజులు నడిపాక ఆయిల్ తేటగా, మట్టం నిలకడగా ఉండి, అయినా మూలుగు పోకపోతే అప్పుడు పంపును అనుమానించొచ్చు. దాన్ని విప్పి రేకుల అరుగుదల ఎలా చూడాలో నాలుగో పాఠంలో చూద్దాం. అప్పటిదాకా రోజూ ఒకసారి మట్టం చూసి, తేదీతో రాసి ఉంచుకోండి. ఆ పాఠానికి ఆ లెక్కలు కావాలి.