డెబిట్ కార్డును ఏటీఎంకే పరిమితం చేయండి

జీతం పడే ఖాతా డెబిట్ కార్డును నగదు తీసుకోవడానికే ఉంచుకొని, ఆన్‌లైన్ కొనుగోళ్లకు క్రెడిట్ కార్డు వాడడం మేలు. ఎందుకంటే మోసం జరిగితే డెబిట్ కార్డు ద్వారా పోయేది ఇంటి అద్దెకో పిల్లల ఫీజుకో దాచుకున్న సొమ్ము, క్రెడిట్ కార్డులోనైతే ఇంకా కట్టని బిల్లుపై ఫిర్యాదు చేసుకొనే అవకాశం మిగిలి ఉంటుంది. రిజర్వు బ్యాంకు ఆదేశాల మేరకు 2020 అక్టోబరు నుంచి ఆన్‌లైన్, అంతర్జాతీయ, కాంటాక్ట్‌లెస్ (కార్డును యంత్రానికి దగ్గరగా పెడితే చాలు చెల్లింపు జరిగే) లావాదేవీలను విడివిడిగా ఆపుకొనే వీలుంది కనుక, బ్యాంకు యాప్‌లో డెబిట్ కార్డుకు ఆ మూడింటినీ ఆపేయండి. రూ.5,000 వరకు పిన్ లేకుండానే చెల్లింపు జరిగిపోయే కాంటాక్ట్‌లెస్‌ను ముందుగా ఆపడం మంచిది. దీనివల్ల యూపీఐకి ఇబ్బంది ఉండదు.

క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు మాత్రం తీయకండి, రుసుముతో పాటు ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. బిల్లుపై కనిపించే ‘మినిమమ్ డ్యూ’ (కనీసం కట్టాల్సిన మొత్తం) చూడడానికి చిన్న మొత్తమే అయినా, అంతవరకే కడితే మిగిలిన బాకీతో పాటు కొత్తగా కొన్న పాల ప్యాకెట్టుకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. అందువల్ల గడువు తేదీకి పూర్తి మొత్తం ఖాతా నుంచి దానంతటదే వెళ్లేలా ఆటో డెబిట్ పెట్టుకోండి. నమోదు చేసేటప్పుడు ‘టోటల్ డ్యూ’నే ఎంచుకున్నారో లేదో ఒకసారి సరిచూసుకోండి.