టేకాఫ్ పరుగులో ఎయిర్‌స్పీడ్ ముల్లు కదలకపోతే

సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానం రన్‌వేపై పరుగందుకుంటుంది, ఇంజిన్ పూర్తి శక్తినిస్తూ ఉంటుంది, ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్ ముల్లు మాత్రం సున్నా దగ్గరే నిలిచిపోతుంది, లేదా ఆలస్యంగా లేచి తక్కువ వేగం చూపుతుంది. ఈ ఫిర్యాదు రాగానే ప్యానెల్ విప్పి ఇండికేటర్‌ను బయటికి తీసేవారిని నేను ఎన్నోసార్లు చూశాను. ముందుగా చేయవలసింది ఎడమ రెక్క కిందికి వెళ్లి, ఎదురుగాలి పీడనాన్ని ఇండికేటర్‌కు అందించే పీటో గొట్టం నోటిలోకి టార్చి వేసి చూడడం. అందుకు ఒక నిమిషం కూడా పట్టదు.

ఆ గొట్టానికి తొడిగే ఎర్ర రిబ్బను కవరు తీయకుండానే బయలుదేరారేమో మొదట చూడండి. ఎత్తు చూపే ఆల్టిమీటర్ కూడా కదలక, ఎక్కే దిగే వేగం చూపే వెర్టికల్ స్పీడ్ ముల్లు సున్నా దగ్గరే ఉండి, ఎయిర్‌స్పీడ్ పైకెక్కేటప్పుడు తక్కువగానూ దిగేటప్పుడు ఎక్కువగానూ కనిపిస్తే, లోపం పీటోలో కాదు, చుట్టూ ఉన్న గాలి పీడనాన్ని (స్టాటిక్ పీడనం) తీసుకునే స్టాటిక్ రంధ్రంలో ఉంది. విమానాన్ని కడిగినప్పుడు దానికి అంటించిన టేపు మిగిలిపోయిందేమో చూడాలి. గాలిలో ఉన్నప్పుడైతే ఆ రంధ్రానికి బదులుగా పనిచేసే ఆల్టర్నేట్ స్టాటిక్ వాల్వు లాగాలి.

అసలు జాగ్రత్తపడవలసింది మట్టిగూడు కట్టే కందిరీగ విషయంలో. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో తొలకరి తరువాత విమానాలు నిలిపే ఏప్రాన్ పక్కన నీరు నిలిచిన చోటల్లా ఈ కందిరీగలు తడిమట్టి ఎత్తుకుపోతుంటాయి, గూటికి తగిన సన్నని రంధ్రం ఎక్కడ కనిపించినా వదలవు. రాత్రంతా కవరు వేసి ఉంచి, పగలు రెండు సార్టీల (విమాన ప్రయాణాల) మధ్య కవరు లేకుండా వదిలేసిన విమానంలోనే నాకు ఈ మట్టి ఎక్కువగా దొరికింది. 2013లో బ్రిస్బేన్‌లో ఒక ఎయిర్‌బస్ ఏ330 సుమారు రెండు గంటలే నేలపై ఉన్నా, పీటో నోరు దాదాపు పూర్తిగా గూటితో మూసుకుపోయింది. మొదటి టేకాఫ్ ఆపేసిన తరువాత ఇంజినీర్లు గొట్టాన్ని చూడకుండా లోపలి కంప్యూటర్లను అటూ ఇటూ మార్చి విమానాన్ని మళ్లీ పంపారు, అది గాలిలోకి లేచి వెనక్కి రావలసి వచ్చింది.

గొట్టం నోరు మూసుకుపోయి, లోపలి నీరు పోవడానికి ఉండే డ్రెయిన్ రంధ్రం తెరిచి ఉంటే ముల్లు సున్నాకు పడిపోతుంది, పైలట్‌కు వెంటనే తెలుస్తుంది. రెండూ మూసుకుపోతేనే మోసం. గొట్టంలో చిక్కిన గాలి పీడనం మారదు, పైకి వెళ్లేకొద్దీ బయటి స్టాటిక్ పీడనం తగ్గుతుంది, అందువల్ల పరుగులో కదలని ముల్లు ఎక్కుతున్నప్పుడు దానంతటదే లేస్తుంది. వేగం పెరుగుతోందనుకుని ముక్కు పైకెత్తిన విద్యార్థి నిజానికి స్టాల్ వైపు, అంటే రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి వైపు వెళుతుంటాడు. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్వెర్టో ప్లాటా దగ్గర 189 మందితో కూలిన బోయింగ్ 757లో ఇదే జరిగింది. కవర్లు లేకుండా నిలిపి ఉంచిన ఆ విమానం గొట్టంలో కందిరీగ గూడు కట్టి ఉండవచ్చని విచారణలో భావించారు. అందుకే పరుగు మొదట్లోనే ముల్లు లేచిందో లేదో పైకి చెప్పుకోవాలి, లేవకపోతే రన్‌వే మిగిలి ఉండగానే ఆపాలి. ముక్కు లేచిన తరువాత తెలిస్తే, ఆ ముల్లును పట్టించుకోకుండా, తెలిసిన పవర్‌కు తెలిసిన పిచ్ (ముక్కు కోణం) పెట్టి, రన్‌వే చుట్టూ సర్క్యూట్ పూర్తి చేసి దిగాలి.

శుభ్రం చేయడంలోనూ తొందర పనికిరాదు. తీగతోనో పిన్నుతోనో నోటిలో పొడిస్తే మట్టి ఇంకా లోపలికి పోతుంది, అంచు దెబ్బతింటుంది. గొట్టం నోటి వైపు నుంచి గాలి ఊదితే ఇండికేటర్ పాడవుతుంది. ఇండికేటర్ వైపు గొట్టాన్ని విడదీసి, అక్కడి నుంచి తక్కువ పీడనంతో పొడి గాలి పంపి, మట్టిని నోటి గుండా బయటికి తోయాలి. పీటో హీటర్ మంచుకు పనికి వస్తుంది కాని మట్టిని కరిగించదు. డ్రెయిన్ రంధ్రం నుంచి కూడా గాలి వస్తోందని చూసి, గొట్టం కలిపి, లైసెన్సు ఉన్న ఇంజినీరు చేత లీక్ పరీక్ష చేయించి, లాగ్‌బుక్‌లో రాయించాలి.

ఇవన్నీ సరిగ్గా ఉండి ముల్లు ఇంకా తప్పు చూపిస్తే అప్పుడు గొట్టాల పగుళ్లనూ, చివరగా ఇండికేటర్‌నూ చూడండి. ఇవి అరుదు. మట్టి దొరికిందంటే మాత్రం ఆ రోజు పక్కన నిలిపి ఉంచిన విమానాల గొట్టాలన్నీ, మట్టి స్ట్రిప్పులపై దిగి వచ్చిన వాటితో సహా, తదుపరి సార్టీకి ముందే టార్చి వేసి చూడాలి, అరగంట విరామానికైనా కవరు వేయాలి.