తక్కువ పైసల్లో ఇంటి రికార్డింగ్‌కు మంచి మైకు: ఎలా ఎంచుకోవాలి?

బతుకమ్మ దగ్గరపడుతోందంటే చాలు, నల్లగొండ, పాలమూరు వైపు ఇంట్లోనే పాట రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెట్టేవాళ్లంతా మైకుల వేటలో పడతారు. చూసేది ధర, నమ్మేది బొమ్మ. చివరికి స్టాండు, ఫోము, చిన్న సౌండ్‌కార్డు అన్నీ కలిపి వచ్చే చౌక కండెన్సర్ (చిన్న శబ్దాన్నీ పట్టేసే రకం మైకు) కిట్టు ఇంటికొస్తుంది. రికార్డ్ చేసి వింటే ముందు ఫ్యాను మోత, ఆ వెనక వీధిలో ఆటో హారన్, అన్నిటికన్నా వెనక బాయిలోంచి వచ్చినట్టు గొంతు. మైకు బాగలేదని ఇంకో కండెన్సర్ కొంటారు, ఈసారి నాలుగు వేలది. అదే మోత, ఇంకాస్త స్పష్టంగా వినిపిస్తుంది.

అక్కడ తప్పు మైకుది కాదు. ఆ అర్రకు ఆ రకం మైకు పనికిరాదు, అంతే. అందుకే ఎంపిక అర్ర దగ్గర మొదలుపెట్టాలి.

ముందు అర్ర సంగతి

తలుపులు మూసి, ఫ్యాను ఆపి, అర్ర నడుమ నిలబడి ఒక్క చప్పట కొట్టండి. చప్పట ఆగాక కూడా గోడల నడుమ 'టింగ్' అని మోగితే, ఆ మోతంతా మీ పాటలోకి వస్తుంది. పైన స్లాబు, కింద షాబాద్ బండలో టైల్సో, నాలుగు పక్కలా నున్నటి గోడలు ఉన్న మన ఇళ్లలో మోగకపోతేనే ఆశ్చర్యం. బట్టల బీరువా, పరుపు, బొంతలు ఉన్న చిన్న అర్రే రికార్డింగ్‌కు మంచిది. హాలు ఎంత అందంగా ఉన్నా వద్దు.

బొంతలు వేలాడదీసేటప్పుడు అందరూ మైకు వెనక గోడకు వేస్తారు. ఇంటి మైకుల్లో ఎక్కువ కార్డియాయిడ్ రకం, అంటే ముందు నుంచి వచ్చేది బాగా తీసుకుని వెనక నుంచి వచ్చేదాన్ని తగ్గించేవి. పాడేవాళ్ల వెనక ఉన్న గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దం నేరుగా మైకు మొహంలోకే పోతుంది. కాబట్టి బొంత పాడేవాళ్ల వీపు వెనక ఉండాలి, వీలైతే రెండు పక్కలా కూడా. కిటికీ, కూలరు, ఇన్వర్టరు వంటివి మైకు వీపు వైపు పడేలా నిలబెట్టండి. గుడ్ల అట్టలు గోడకు అంటించడం మానండి. బయటి శబ్దాన్ని అవి ఆపవు, లోపలి మోతలో కీచు భాగాన్ని మాత్రం కొద్దిగా తగ్గిస్తాయి. ఆ శ్రమకు రెండు బొంతలు నయం.

నార్కట్‌పల్లి, సూర్యాపేట మీదుగా పోయే 65వ నంబరు హైవే పక్కన, లేదా జడ్చర్ల దగ్గర 44వ నంబరు హైవే పక్కన ఇల్లున్నవాళ్లకు లారీల గుర్రుమనే శబ్దం తప్పదు. దాన్ని ఏ మైకూ ఆపదు. రికార్డ్ చేశాక హై-పాస్ ఫిల్టర్ వేసి 80 హెర్ట్జ్ కన్నా లోతైన శబ్దాన్ని కోసేయండి, కొంతవరకు తగ్గుతుంది. మగ గొంతు మరీ లోతుగా ఉంటే 70 దగ్గర ఆగండి.

ఏ రకం కొనాలి

డైనమిక్ కొనండి, అంటే స్టేజీల మీద చేత్తో పట్టుకుని పాడే రకం మైకు. ప్రత్యేకంగా తయారుచేసిన అర్ర లేనంతవరకు కండెన్సర్ జోలికి పోవద్దు.

డైనమిక్ మైకు బయటి గోలను మాయచేసి ఆపుతుందని షాపువాళ్లు చెప్పేది నిజం కాదు. దానికి నోటి దగ్గర పెట్టుకుని పాడగలగడమే అసలు బలం. కండెన్సర్‌ను మామూలుగా జానెడు దూరంలో పెడతాం, డైనమిక్‌ను బెత్తెడు దూరంలో. నోటికీ మైకుకూ మధ్య దూరం సగమైన ప్రతిసారీ గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. జానెడు నుంచి బెత్తెడుకు వస్తే 9 డెసిబెల్స్ పైనే. ఫ్యాను, వీధి, గోడల మోత మాత్రం ఉన్నచోటే ఉంటాయి. గొంతు పెరిగినంత మేర గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే నాబ్) తగ్గిస్తే గోల కూడా అంత తగ్గుతుంది. కండెన్సర్‌నూ బెత్తెడు దూరంలో పెట్టొచ్చు కదా అంటే పెట్టొచ్చు, కానీ ప్రతి 'ప'కు ఢమ్మని పేలుతుంది, ప్రతి ఊపిరీ వినిపిస్తుంది.

పైసల లెక్క ఇలా. వెయ్యికి అటూ ఇటూ మాత్రమే ఉండి ఫోన్‌తోనే పని అయితే బోయా బీవై-ఎం1 వంటి కాలర్ మైకు. 6 మీటర్ల వైరుంటుంది, స్విచ్ ఫోన్ వైపు ఉంచితే బ్యాటరీ కూడా అక్కర్లేదు. ఇది మాటకు సరే, పాటకు కాదు. కాస్త ఎక్కువ పెట్టగలిగితే, ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే చిన్న పెట్టె) కొనే ఓపిక లేకపోతే, సామ్సన్ క్యూ2యూ వంటి డైనమిక్ తీసుకోండి. యూఎస్‌బీతో నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలించొచ్చు, రేపు ఇంటర్‌ఫేస్ కొన్నా ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల మైకు కేబుల్)తో అదే మైకు పనికొస్తుంది. ఇంటర్‌ఫేస్ ఇప్పటికే ఉంటే బెహ్రింగర్ ఎక్స్‌ఎం8500 చాలు. ఇంకా పెట్టగలిగితే షూర్ ఎస్‌ఎం58. దీనికి నకిలీలు చాలా తిరుగుతున్నాయి. అసలుది 298 గ్రాములు తూగుతుంది. కిరాణా దుకాణం డిజిటల్ కాటా మీద పెట్టి చూడండి, బాగా తక్కువ తూగితే తిరిగిచ్చేయండి. బరువు సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, బిల్లు ఇవ్వని చోట కొనకండి.

పెట్టె మీద '192 కిలోహెర్ట్జ్' అని మెరిసే అక్షరాలుంటే వాటికి పైసలు కట్టకండి. యూట్యూబ్ పాటకు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ సరిపోతుంది. '20 నుంచి 20,000 హెర్ట్జ్' అని చౌక పెట్టెల మీద రాసే అంకె కూడా అంతే. ఎక్కడ ఎంత ఎక్కువతక్కువలో చెప్పకుండా ఆ అంకెకు అర్థం లేదు. ఎస్‌ఎం58 పెట్టె మీద ఉండేది 50 నుంచి 15,000 మాత్రమే, అది 1966 నుంచి లోకమంతా వాడుతున్న మైకు. కండెన్సరే కావాలని పట్టుబట్టేవాళ్లు మాత్రం సెల్ఫ్ నాయిస్, అంటే మైకు తనంతట తాను చేసే సన్నటి మోత, అంకె చూడాలి. 20 డెసిబెల్స్, అంతకన్నా తక్కువ ఉండాలి. ఆడియో-టెక్నికా ఏటీ2020ది 20, రోడ్ ఎన్‌టీ1ది 4. ఆ అంకె ఎక్కడా రాయని కండెన్సర్‌ను కొనవద్దు. ఇంటర్‌ఫేస్ మీద కండెన్సర్‌కు కరెంటు ఇచ్చే 48 వోల్టుల బటన్ ఉందో లేదో కూడా చూసుకోండి.

పెళ్లిళ్లకు, సభలకు సౌండ్ సిస్టం ఇచ్చేవాళ్ల దగ్గర మైకు తెచ్చి, దాని లావు జాకును కన్వర్టర్ పెట్టి ల్యాప్‌టాప్‌లో గుచ్చడం మన ఊళ్లలో మామూలే. వస్తుంది, గుయ్యిమంటూ వస్తుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబులు, చిన్న ఇంటర్‌ఫేస్ ఉంటేనే ఆ మైకు కూడా బాగా పలుకుతుంది.

మిగతా సామాను: 3 మీటర్ల కేబుల్, బరువైన అడుగున్న స్టాండు, వల లాంటి పాప్ ఫిల్టర్, వైరున్న హెడ్‌ఫోన్. కోఠీ గుజరాతీ గల్లీలో అన్నీ దొరుకుతాయి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ వద్దు.

అసలు పని: రెంటినీ సమం చేసి వినడం

అందరూ తప్పేది ఇక్కడే. ఒక మైకును మాత్రమే విని బాగుందో లేదో చెప్పడం ఎవరివల్లా కాదు, పక్కన ఇంకొకటి ఉండాలి. ఇద్దరు స్నేహితులు చెరొక రకం తెప్పించుకుని, వెనక్కిచ్చే గడువులోనే ఒకరింట్లో కూర్చుని పోల్చుకోవడం మంచి పద్ధతి. వాట్సాప్‌లో వచ్చిన శాంపిల్ విని నిర్ణయించకండి. వాట్సాప్ శబ్దాన్ని పిండి చిన్నది చేసి పంపుతుంది. యూట్యూబ్ రివ్యూలు కూడా అంతే. వాళ్ల అర్ర వేరు, మీ అర్ర వేరు.

ముందుగా కంప్యూటర్ చేసే సొంత తెలివి ఆపాలి. విండోస్‌లో సౌండ్ సెట్టింగ్స్‌కు పోయి, ఆ మైకును ఎంచుకుని, ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆఫ్ చేయండి. లేకపోతే గోలను అదే తగ్గించి, గొంతును అదే పెంచి, చౌక మైకును గొప్పదిగా చూపిస్తుంది. తర్వాత ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో, ఉచితంగానే దొరుకుతుంది, మోనో (ఒకే ఛానెల్), 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. రెండు మైకులకూ మోనోనే. ఒకటి మోనో, ఒకటి స్టీరియో అయితే తర్వాత చేసే కొలత 3 డెసిబెల్స్ దాకా తప్పుతుంది.

ఏ మైకును ఆ మైకు పనిచేసే దూరంలోనే పెట్టండి, డైనమిక్ బెత్తెడు, కండెన్సర్ జానెడు. రెంటినీ ఒకే దూరంలో పెట్టి పోల్చడం న్యాయంగా కనిపిస్తుంది గానీ, మీరు వాడేది అలా కాదు. గట్టిగా పాడినప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర తగిలేలా గెయిన్ పెట్టండి. ముందు 10 సెకన్లు ఊపిరి బిగబట్టి మౌనం రికార్డ్ చేయండి. తర్వాత ఈ వాక్యాలు మామూలు గొంతుతో చదవండి: "పిల్లలమర్రి పక్క పెద్ద పండుగ. పానగల్లు పచ్చల సోమేశ్వరుని గుడి. భువనగిరి బస్సు. సూర్యాపేట సంతలో సజ్జలు, శనగలు." చివరగా మీ పాటలో అన్నిటికన్నా పైకి పోయే చరణం ఒకటి పాడండి. రెండో మైకుకూ అదే వరుస, అదే గొంతు.

ఇప్పుడు జాగ్రత్త. రెండూ అలాగే పెట్టి వింటే, ఏది కొంచెం గట్టిగా ఉందో అదే బాగున్నట్టు వినిపిస్తుంది. మనిషి చెవి తత్వమే అంత. ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా దాన్ని 'గట్టిగా ఉంది' అని కాక 'స్పష్టంగా ఉంది', 'నిండుగా ఉంది' అని అనుకుంటాం. షాపులో మైకు చూపించేవాళ్లు వాల్యూమ్ పెంచేది ఇందుకే. అందుకని రెండు ట్రాకుల్నీ ఆడాసిటీలోని లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) తీసుకురండి. గొంతు ఉన్న ముక్కను మాత్రమే కాదు, ముందున్న మౌనంతో సహా ట్రాకు మొత్తాన్ని ఎంచుకుని చేయాలి. అప్పుడే గొంతు ఎంత పెరిగిందో గోల కూడా అంతే పెరుగుతుంది, పోలిక న్యాయంగా ఉంటుంది. ఒక ట్రాకుకు నాయిస్ రిడక్షన్ వేసి ఇంకోదానికి వేయకపోవడం వంటి పనులు ఈ దశలో అసలు చేయకండి. రెంటికీ వేయడం కూడా వద్దు.

ఇక వినడం. ల్యాప్‌టాప్ స్పీకర్లలో కాదు, వాటిలో లోతైన గుయ్యి వినిపించదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకోండి, ఏది వేస్తున్నారో చెప్పకుండా ఇంకొకరిని మార్చి మార్చి వేయమనండి. ధర తెలిసిన చెవి ఖరీదైనదాని వైపే పోతుంది.

మౌనం దగ్గర మొదలుపెట్టండి. ఆ 10 సెకన్లను ఎంచుకుని ఎనలైజ్ మెనూలో ఆర్‌ఎంఎస్ (సగటు శబ్ద మట్టం, డెసిబెల్స్‌లో) కొలవండి. మైనస్ 60 కన్నా కిందికి, అంటే మైనస్ 62, 65 అలా ఉంటే ఆ మైకూ ఆ అర్రా కుదిరాయి. ఆడియోబుక్స్ తీసుకునే ఏసీఎక్స్ అడిగేది కూడా ఆ మైనస్ 60నే. వాయిద్యాలు కలిసే పాటకు మైనస్ 50 దాకా నడుస్తుంది. అంతకన్నా పైన ఉంటే మైకును తిట్టే ముందు అది ఏ గోలో వినండి. సన్నటి 'స్‌స్' అయితే ఇంటర్‌ఫేస్ గెయిన్ చివరిదాకా తిప్పినందుకు. నోరు దగ్గరికి తెచ్చి గెయిన్ తగ్గించండి. గుయ్యి అయితే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి మళ్లీ రికార్డ్ చేయండి. పోయిందా, అది చార్జర్ వల్లో ఇంటి ఎర్తింగ్ లోపం వల్లో వస్తోంది, ఎర్తింగ్ చూడమని ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఏళ్లుగా నీళ్లు పోయని ఎర్తింగ్ గుంట మన ఎండలకు ఎండిపోయి ఉండొచ్చు. పోలేదా, కేబుల్ మార్చి చూడండి.

తర్వాత అక్షరాలు. 'పిల్లలమర్రి', 'పండుగ', 'భువనగిరి' దగ్గర గాలి గుద్దుతుందా? గుద్దితే మైకును నోటికి ఎదురుగా కాక పెదవి మూల వైపు కొంచెం జరిపి మళ్లీ చదవండి. అప్పుడూ గుద్దితేనే మైకు లోపం. 'సూర్యాపేట సంతలో సజ్జలు' చెవిలో సూదిలా దిగితే ఆ మైకు ఆ గొంతుకు కుదరదు. ఆడ గొంతులకు చౌక కండెన్సర్లతో ఎక్కువగా వచ్చే ఇబ్బంది ఇదే, ఈక్వలైజర్‌తో పూర్తిగా పోదు. చివరికి మాట ఆగిన చోట వినండి. 'గుడి' అన్నాక ఏముంది? గోడ మోత వినిపిస్తే ఇంకో బొంత.

రెండూ సమంగా అనిపిస్తే, అలా చాలాసార్లు అవుతుంది, తక్కువ ధరది ఉంచుకోండి. మిగిలిన పైసలతో మంచి హెడ్‌ఫోన్ కొనుక్కోండి.

డప్పు ఉంటే

డప్పును గొంతు మైకుతోనే తీయాలనుకునేవాళ్లు చాలామంది. తీయొచ్చు, డైనమిక్ అయితే. మూడడుగుల దూరంలో, సిర్ర పడే చోటికి కొంచెం పక్కగా పెట్టండి. వేరుగా రికార్డ్ చేయండి, గొంతుతో కలిపి వద్దు. చౌక కండెన్సర్‌ను డప్పు దగ్గర పెడితే, మీటరు ఎరుపెక్కకపోయినా మైకు లోపలే శబ్దం చీలిపోతుంది. గెయిన్ తగ్గించినా బాగుపడదు. గజ్జెలకు మాత్రం కండెన్సరే బాగుంటుంది, ఆ ఒక్కదానికీ అరువు తెచ్చుకోండి.

మైకు ఉంచుకోవాలని తేల్చుకున్నాక గెయిన్ ఎక్కడ కుదిరిందో నాబ్ పక్కన టేపు ముక్కతో గుర్తు పెట్టండి. వానాకాలంలో కండెన్సర్ చిటపటమంటే తేమ చేరిందని, సిలికా జెల్ పొట్లంతో జిప్ కవరులో పెట్టాలి. డబ్బా, థర్మాకోల్, బిల్లు మాత్రం గడువు దాటేదాకా పారేయకండి. డబ్బా చిరిగితే వెనక్కి తీసుకోరు.