హాలీ రూపాయిని నీళ్లలో తూచి కొనండి

మా నాయనమ్మ పెట్టెలో పదకొండు చార్మినార్ రూపాయలుండేవి, నిజాం కాలం హైదరాబాద్ రాజ్యపు వెండి నాణేలు. ఆమె వాటిని హాలీ సిక్కా అనేది, ఇంగ్లీషువాళ్ల రూపాయిని కల్దార్ అనేది. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. ఆమె పోయాక ఒక దీపావళికి ఆ పదకొండింటినీ నేనే చింతపండుతో తోమాను. నలుపంతా పోయి తళతళలాడాయి. అమ్మకానికి పెట్టలేదు గానీ, ఒక పాత సేకర్త భూతద్దం పెట్టి చూసి, మాట్లాడకుండా తిరిగి నా చేతిలో పెట్టాడు. ఆ నలుపు మురికి కాదు, గాలిలోని గంధకంతో వెండి మీద మెల్లగా పట్టే పొర. తోమితే పడిన సన్నటి గీతలు ఇక పోవు. అందుకే ముందే చెబుతున్నా: చింతపండు, విభూతి, పళ్లపొడి, ఏదీ తాకనివ్వకండి.

కొనేటప్పుడు మొదట ద్వారం చూడండి. నాణెం మీది చార్మినార్ కమాను మధ్యలో ఉర్దూ అక్షరం ‘మీమ్’ ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది, ‘ఐన్’ ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌ది. ఉస్మాన్ రూపాయి మీద హిజ్రీ (ఇస్లామిక్ క్యాలెండర్) సంవత్సరమూ, ఆయన పాలనలో అది ఎన్నో ఏడో చెప్పే పాలన సంవత్సరమూ రెండూ ఉంటాయి. ఆయన 1911లో, అంటే హిజ్రీ 1329లో గద్దెనెక్కాడు. హిజ్రీ అంకెలోంచి 1328 గానీ 1329 గానీ తీసేస్తే పాలన సంవత్సరం రావాలి. 1340 ఉన్నదాని మీద 11 గానీ 12 గానీ ఉండాలి. ఈ లెక్క కుదరకపోతే నేను అక్కడితో ఆగిపోతాను.

తర్వాత తూకం. హిజ్రీ 1330 నుంచి 1343 దాకా ముద్రించిన ఉస్మాన్ రూపాయి 11.18 గ్రాములు, వెండి నూటికి సుమారు 82 పాళ్లు. గ్రాములో వందో వంతు చూపే చిన్న కాటా వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. దాని మీద చిన్న గ్లాసులో నీళ్లు పెట్టి, సున్నాకు తెచ్చి, నాణేన్ని దారంతో కట్టి అడుగుకు తగలకుండా ముంచండి. కాటా 1.10 గ్రాముల దగ్గర చూపిస్తే లోహం సరైనదే. 1.25 దాకా పోయిందంటే అది వెండి కాదు. బజారులో నీళ్లు పెట్టనివ్వరు కాబట్టి, తిరిగి తీసుకుంటానని మాటిచ్చిన దుకాణంలోనే కొనండి.

అరుగుదల ముందు మినార్ల కొసల మీద తెలుస్తుంది. టేబుల్ దీపం కింద నాణేన్ని ఏటవాలుగా తిప్పండి. వెలుగు చక్రంలా తిరిగితే అన్‌సర్క్యులేటెడ్, అంటే చేతులు మారనిది, కావచ్చు. వెలుగు పోయినా గీతలన్నీ నిలిచి ఉంటే ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్. గీతలు బాగా అరిగినా ముఖ్యమైన ఆకారాలు స్పష్టంగా కనిపిస్తే ఫైన్. నేనైతే ద్వారంలో ఐన్ స్పష్టంగా లేనిదానికి వెండి ధర మించి ఇవ్వను. అంచును కూడా చుట్టూ తడిమి చూడండి. మన దగ్గర రూపాయలను దండలు గుచ్చేవాళ్లు, కొక్కెం అతుకు తీసి నునుపు చేసిన చోటు వేలికి తెలుస్తుంది. అలాంటిది చూడ్డానికి ఎంత బాగున్నా ధర సగానికి తగ్గించి అడగండి.

దాచడానికి మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, కొన్నేళ్లకు నాణెం మీద ఆకుపచ్చ జిగురు పడుతుంది. మైలార్ అనే పారదర్శకమైన పాలిస్టర్ పొరతో కిటికీ ఉన్న అట్ట చట్రాలు కొనండి. రబ్బరు బ్యాండూ న్యూస్‌పేపరూ దగ్గరికి రానివ్వకండి. స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, వానాకాలానికి ముందు మార్చండి. పట్టుకునేది ఎప్పుడూ అంచులతోనే.

అమెరికాలో ఉన్న మా అన్న కొడుకు రెండు పంపమని అడిగాడు. పంపలేదు. వందేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించకూడదు. వచ్చినప్పుడు చూసుకొమ్మని చెప్పి, నాయనమ్మవి పదకొండూ విడివిడిగా చట్రాల్లో పెట్టి ఉంచాను.