మొండికేసిన క్రిస్మస్ కాక్టస్

మూడేళ్లుగా మా న్యూజెర్సీ అపార్ట్‌మెంట్ హాల్లో క్రిస్మస్ కాక్టస్ పచ్చగా ఉండేది కానీ ఒక్క మొగ్గా వేసేది కాదు. ఎరువు మార్చాను, కుండీ మార్చాను. ఊహూఁ! తప్పు నాదే. రాత్రి పదకొండు దాకా టీవీ, లైట్లు. మొగ్గ తొడగాలంటే దీనికి ఆరు వారాల పాటు రోజూ 12–14 గంటల చీకటి, కాస్త చలి కావాలి.

అక్టోబరు మొదట్లో ఎవరూ వాడని గదిలో కిటికీ దగ్గర పెట్టి, చీకటి పడ్డాక లైటు వేయనివ్వలేదు. "మొక్కకి మడి కట్టారా?" అంది మా ఆవిడ. నవంబరు మధ్యకల్లా కొసల్లో ఎర్రటి చుక్కలు! ఆ సంబరంలో కుండీని మళ్లీ హాల్లోకి తెచ్చి హీటర్ పక్కన పెడితే సగం మొగ్గలు రాలిపోయాయి. మిగిలినవి క్రిస్మస్‌కి పూశాయి.

కాక్టసే కానీ ఎడారి మొక్క కాదు. బ్రెజిల్ అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరిగే మొక్క, జిగట మట్టి దీనికి పడదు. పూత అయ్యాక మూడు కణుపుల ముక్క మెలితిప్పి తుంచి నాటితే కుళ్లిపోయింది. రెండోసారి రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, కొబ్బరి పొట్టు, పెర్లైట్ (నీరు నిలవకుండా మట్టిలో కలిపే తేలికైన తెల్లటి గుళికలు) కలిపి అందులో గుచ్చాను. నాలుగు వారాలకి మెల్లగా లాగి చూస్తే కదల్లేదు, వేళ్లు పట్టేసింది.