బట్టల షాపులో బాడీ స్కానర్ ఎక్కేముందు ఏం చూసుకోవాలి?

టైలర్ దగ్గరికి ఆది జాకెట్టు పట్టుకెళ్తాం. కుట్టు అయ్యాక కొత్తదానితోపాటు ఆదిని కూడా అడిగి మరీ తెచ్చుకుంటాం. టేపు లేకుండా ఒంటి బొమ్మ తీసి కొలతలు చెప్పే మెషిన్ బాడీ స్కానర్. దానితో చిక్కంతా ఇక్కడే. కొలతలిచ్చి ఇంటికొచ్చేస్తాం, ఆది షాపులోనే ఉండిపోతుంది.

1. ముందు మెషిన్ ఏ రకమో అడగండి. కెమెరాలు, ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లతో పనిచేసేది పైకి కనిపించేదాన్నే కొలుస్తుంది. అందుకే ఒంటికి అతుక్కునే బట్టలతోనో, లోదుస్తులతోనో నిలబడమంటారు. మిల్లీమీటర్ తరంగాలది ఎయిర్‌పోర్టు స్కానర్ల బాపతు. బట్టలు విప్పక్కర్లేదు, కానీ తరంగాలు గుడ్డలోంచి దూరి చర్మానికి తగిలి వెనక్కొస్తాయి. మూడోది ఫోన్ యాప్: ఎదురుగా ఒక ఫొటో, పక్కనుంచి ఒకటి. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ నాకు ఎక్కువ అనుమానం దీనిమీదే. మొహంతో సహా ఫొటో ఇంకో కంపెనీ సర్వర్‌కి పోవచ్చు.

రేడియేషన్ అని కంగారు పడేవాళ్లకి ఒక మాట. ఈ మూడూ ఎక్స్‌రేలు కావు. మిల్లీమీటర్ తరంగాలు చర్మం పైపొరల్లోనే ఆగిపోతాయి.

2. లోపలికెళ్లే ముందు మానిటర్ ఎటు తిరిగి ఉందో చూడండి. ఆ మధ్య విశాఖ ద్వారకానగర్‌లో ఒక షాపుకి మా వదినతో వెళ్లాను. క్యాబిన్‌కి గొళ్లెం ఉంది, పరదా ఉంది, అంతా బాగానే ఉంది. బయట టేబుల్ మీద మానిటర్ మాత్రం నడిచే దారివైపే ఉంది. అంతకుముందు కొలతలిచ్చిన ఎవరో ఆవిడ బూడిదరంగు బొమ్మ అందులో మెల్లగా తిరుగుతోంది. చీరలు మోసుకెళ్తున్న కుర్రాడు ఒక్క క్షణం ఆగి చూసి వెళ్లాడు. "మనదీ ఇలాగే తిప్పుతారు కాబోలు. పదమ్మా, టేపే నయం" అంది వదిన. వచ్చేశాం.

3. ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కేముందు బేరమాడండి. కుట్టడానికి కావలసింది ఛాతీ, నడుము, చెయ్యి పొడవు లాంటి అంకెలే. "అంకెలు ఉంచుకోండి, బొమ్మ తీసేయండి, ఎప్పుడు తీసేస్తారో చెప్పండి" అనండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ఏ డేటా, ఎందుకు తీసుకుంటున్నారో ముందే చెప్పాలి, ఆ నోటీసు తెలుగులో కూడా అడగొచ్చు. ఇచ్చిన ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు. 18 ఏళ్లలోపు పిల్లలకైతే అమ్మానాన్నల అనుమతి ఉండాలి. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి గానీ కంపెనీల బాధ్యతలు చాలావరకు 18 నెలల గడువు తర్వాతే అమలవుతాయి. ఈలోగా అడిగి సాధించుకోవడం మన పనే.

4. బిల్లుకిచ్చే ఫోన్ నంబరుతో కొలతలు ముడిపెట్టొద్దని చెప్పండి. ఒప్పుకోలు స్క్రీన్‌ని ఫొటో తీసుకోండి.

5. బట్టలు చేతికొచ్చాక ఆది అడగండి. నోటిమాటగా వద్దు. "నా స్కాన్ తొలగించి, తొలగించినట్టు జవాబివ్వండి" అని వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాయండి.

జాకెట్టు మాటకొస్తే, మెషిన్ ఒంటిని కొలుస్తుంది, వదులు ఎంత వదలాలో దానికి తెలీదు. ఆది జాకెట్టులో ఆ వదులు కూడా ఉంటుంది. నేనైతే ఇంకా దాన్నే పట్టుకెళ్తున్నాను.

6. తేడా కనిపిస్తే, అంటే దాచిన కెమెరా దొరికినా, మీ బొమ్మ బయటికి పోయినా, దేన్నీ ముట్టుకోకండి. టైము రాసుకుని, బిల్లు దాచి, 112కి ఫోన్ చేయండి. లోదుస్తుల్లో ఉన్న మహిళని చాటుగా చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. తీయడానికి ఒప్పుకున్నా, పంచడానికి ఒప్పుకోనప్పుడు పంచితే అదీ నేరమే. మొదటిసారికి ఏడాది నుంచి మూడేళ్ల జైలు. ఆన్‌లైన్‌లో పెట్టారని తెలిస్తే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయండి. షాపు ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందో వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. ఏ స్టేషన్‌లోనైనా కేసు రాసుకునే జీరో ఎఫ్‌ఐఆర్ ఉంది కాబట్టి ద్వారకానగర్ షాపు మీద గాజువాక వాళ్లు గాజువాకలోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు.