ఒడ్డు వెంట నడకకు ఆటు టైము చూసుకోండి

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో మంగమారిపేట దగ్గర దిగి, ఒడ్డు వెంట ఎర్రమట్టి దిబ్బల వైపు నడవాలనుకుంటే ముందు ఆటుపోట్ల టైములు చూసుకోండి. నీళ్లు పూర్తిగా తగ్గడానికి ఓ గంట ముందే రాళ్ల దగ్గరికి చేరితే చాలు, అసలు సందడంతా అక్కడే. ఆటు టైము రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు ఇంకా బాగా వెనక్కి పోతాయి.

రాళ్ల మధ్య నీటి గుంట దగ్గర నీడ పడకుండా రెండు నిమిషాలు కదలకుండా కూర్చోండి. ఖాళీ గుల్లలనుకున్నవి నడవడం మొదలుపెడతాయి, లోపల పీతలుంటాయి మరి! రాయికి అతుక్కున్న సీ అనిమోన్, అంటే పువ్వులా కనిపించే సముద్ర జీవి, మెల్లగా రేకుల్లాంటి చేతులు విప్పుతుంది. ఎంత అందంగా ఉన్నా శంకువు ఆకారపు గుల్లను మాత్రం చేత్తో తీయకండి. అందులో కోన్ నత్త బతికి ఉంటే విషపు ముల్లుతో పొడుస్తుంది.

జనవరి నుంచి మార్చి దాకా పొద్దున్నే వెళ్తే ఇసుకలో ట్రాక్టర్ టైరు జాడలాంటి గుర్తులు కనిపించొచ్చు. రాత్రి గుడ్లు పెట్టి వెళ్లిన ఆలివ్ రిడ్లే తాబేలువి అవి. అక్కడ తవ్వొద్దు, కుక్కలను దగ్గరికి రానివ్వొద్దు, అటవీ శాఖ వాళ్లకు చెప్పండి. పచ్చటి నాచు పట్టిన రాళ్లు బాగా జారతాయి, చెప్పులు కాకుండా గ్రిప్ ఉన్న బూట్లు వేసుకోండి.